సంచిలో రెండు తూనికరాళ్లు
విదేశంలో సొంత వ్యాపారం చేసుకునే భర్త, ఇక్కడ వీసా కోసం ఎదురుచూసే భార్య – విశ్వాస కుటుంబాలకు కొన్ని మాటలు



మన తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల సంఘాలలో ఆదివారపు ఆరాధనలో విదేశాలలో ఉన్న బిడ్డల కొరకు ప్రార్థించడం ఇప్పుడు మామూలైపోయింది. ఒకరి కొడుకు కువైట్‌లో డ్రైవరు, ఒకరి అల్లుడు అమెరికాలో పెట్రోలు బంకు నడుపుతున్నాడు, మరొకరి కుమార్తె లండన్‌లో నర్సు. అయితే ప్రార్థన విన్నపాలలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "మా అమ్మాయికి పెళ్లయి రెండేండ్లయింది, ఇంకా వీసా రాలేదు. ప్రార్థన చేయండి."

ప్రార్థన తప్పక చేయవలసిందే. అయితే వీసా ఆలస్యానికి కారణం అన్నిసార్లూ ఆఫీసులలోనే ఉండదు. అబ్బాయి అక్కడ సొంత వ్యాపారం చేస్తూ, ఆ దేశపు పన్నుల ఆఫీసుకు ఆదాయం చాలా తక్కువగా చూపించి, భార్యను తెచ్చుకునే సమయం వచ్చేసరికి ఎక్కువ చూపించాలని చూస్తే, ఆ రెండు లెక్కలు పొసగక దరఖాస్తు ఆగిపోతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి పెళ్లికి ముందే తెలిసి ఉండాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క పద్ధతి

భార్యను పిలిపించుకోవాలంటే భర్త ఆదాయం చూపించాలన్న నియమం చాలా దేశాలలో ఉంది, గాని అన్నిచోట్లా ఒకే రీతిగా లేదు.

కువైట్‌లో ఇంటి పనివారి వీసా మీద ఉన్నవారికి భార్యను తెచ్చుకునే అవకాశం సాధారణంగా ఉండదు. కంపెనీ వీసా మీద ఉన్నవారికైనా జీతపు హద్దు ఉంటుంది. 2024లో కుటుంబ వీసాలను తిరిగి ప్రారంభించినప్పుడు ఆ ప్రభుత్వం నెలకు 800 దినార్ల జీతం ఉండాలని నిర్ణయించింది. మన ప్రాంతం నుండి వెళ్లిన వారిలో ఎందరో ఆ హద్దుకు చాలా దూరంలో ఉన్నారు.

కెనడాలో భార్యను స్పాన్సర్ చేసేవారికి సాధారణంగా కనీస ఆదాయపు హద్దు లేదు. అయితే ప్రభుత్వ సహాయం మీద బ్రతుకుతూ ఉండకూడదు. అంగవైకల్యం వలన పొందే సహాయానికి మాత్రం మినహాయింపు ఉంది. భార్య పోషణకు మూడేండ్ల పాటు తానే బాధ్యుడనని భర్త వ్రాసి ఇవ్వాలి.

ఇంగ్లాండులో 2012 జూలై నుండి సంవత్సరానికి 18,600 పౌండ్ల ఆదాయం అడిగేవారు. 2024 ఏప్రిల్ 11న దానిని 29,000 పౌండ్లకు పెంచారు. అక్కడ సొంత పని చేసుకునేవారు గడిచిన పూర్తి ఆర్థిక సంవత్సరపు లాభం గాని, లేదా గడిచిన రెండు సంవత్సరాల సగటు గాని చూపించాలి. వారి ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5తో ముగుస్తుంది. జీతగాడు నెల జీతపు చీటీలు చూపిస్తే సరిపోతుంది. వ్యాపారి మాత్రం సంవత్సరం ముగిసేదాకా ఆగి, పన్ను లెక్క దాఖలు చేసిన కాగితం చూపించాలి. పైగా ఈ విధంగా చూపిన వ్యాపారపు ఆదాయం చాలకపోతే బ్యాంకులోని పొదుపుతో కలిపి లోటు పూడ్చుకోవడానికి వీలు లేదు.

అమెరికా నియమాలు కొంచెం లోతైనవి. మన కుటుంబాలు ఎక్కువగా తికమక పడేది వాటి దగ్గరే గనుక వాటిని వివరంగా చూద్దాం.

అమెరికాలో అడిగేదేమిటి?

అక్కడ పౌరసత్వం గాని గ్రీన్ కార్డు గాని ఉన్న భర్త మొదట ఐ-130 అనే దరఖాస్తు పెడతాడు. అది మంజూరైన తరువాత కాగితాలు జాతీయ వీసా కేంద్రానికి వెళ్తాయి. అక్కడ ఐ-864 అనే పోషణ ప్రమాణపత్రం ఇవ్వాలి. 1996లో చేసిన వలస చట్టం వలన ఈ పత్రం వచ్చింది. 1997 డిసెంబరు 19 నుండి అమలులో ఉంది. అంతకు ముందు ఇచ్చే పత్రాలకు కోర్టులో బలం ఉండేది కాదు. ఈ పత్రానికి ఉంది.

ఆ దేశంలో పేదరికపు గీత అని ప్రతి సంవత్సరం ఒక లెక్క ప్రకటిస్తారు. భర్త ఆదాయం దానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్క ప్రకారం భార్యాభర్తలు ఇద్దరే అయితే 26,437 డాలర్లు, నలుగురి కుటుంబానికి 40,187 డాలర్లు.

కుటుంబము అంటే ఎవరెవరు? భర్త, రాబోయే భార్య, అతనిపై ఆధారపడిన పిల్లలు మాత్రమే కాదు. అతడు ఇంతకు ముందు ఇదే పత్రంపై సంతకం చేసి తన తల్లిదండ్రులను తెచ్చుకుని ఉంటే, ఆ బాధ్యత తీరేవరకు వారినీ లెక్కలో కలుపుతారు. మన అబ్బాయిలు చాలామంది మొదట అమ్మానాన్నలను పిలిపించుకుని, తరువాత పెళ్లి చేసుకుంటారు. అప్పుడు ఇద్దరి లెక్క కాస్తా నలుగురి లెక్క అవుతుంది. సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

అమ్మకం వేరు, ఆదాయం వేరు

మన రైతులకు ఇది తేలికగా అర్థమయ్యే విషయమే. చీనీ తోట ఉన్న ఒక రైతు ఆరు లక్షల రూపాయల కాయ అమ్మాడనుకుందాం. ఎరువులు, మందులు, డ్రిప్పు పైపులు, కూలీలు, లారీ బాడుగ, మండీ కమీషను కలిపి నాలుగున్నర లక్షలు ఖర్చయింది. అతని ఆదాయం ఆరు లక్షలా? కాదు, లక్షన్నర. శనగ వేసినా, బుడ్డలు వేసినా ఇదే లెక్క.

అమెరికాలో దుకాణం నడిపే అబ్బాయిదీ అంతే. ఏడాదికి 2,40,000 డాలర్ల అమ్మకం జరిగిందనుకుందాం. సరుకుకు 1,70,000 డాలర్లు, బాడుగకు, కరెంటుకు, పనివానికి, వ్యానుకు కలిపి 52,000 డాలర్లు పోయాయి. మిగిలింది 18,000 డాలర్లు. పెళ్లిమాటలలో "రెండు లక్షల నలభై వేల డాలర్ల వ్యాపారం" అని చెప్పి ఉండవచ్చు. అది అబద్ధం కాదు. అయితే వీసా అధికారి చూసేది ఆ 18,000 మాత్రమే. ఇద్దరి కుటుంబానికే 26,437 కావాలి గనుక 8,437 డాలర్ల లోటు ఉంది.

సొంత పని చేసుకునేవాడు తన రాబడి, ఖర్చుల లెక్కను షెడ్యూల్ సి అనే పత్రంలో వ్రాస్తాడు. దాని చివర వచ్చే నికర లాభం 1040 అనే ముఖ్యమైన పన్ను పత్రంలోనికి వెళ్తుంది. అందులో మొత్తం ఆదాయం అని ఒక గడి ఉంటుంది. ఐ-864లో వ్రాయవలసింది ఆ గడిలోని అంకె. టాక్సీ తోలేవారికి, కంపెనీలకు కాంట్రాక్టు మీద పని చేసి 1099 అనే చీటీ తీసుకునేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. చీటీ మీద కనిపించే మొత్తం కాదు, ఖర్చులు పోగా మిగిలినదే ఆదాయం.

తగ్గించి చూపాలనే శోధన ఎక్కడ వస్తుంది?

జీతగాడికి పన్ను ముందుగానే కోసుకుని జీతం ఇస్తారు గనుక అతనికి ఆ శోధన తక్కువ. సొంత పని చేసుకునేవాడు అక్కడ ఆదాయపు పన్ను కాక, వృద్ధాప్య పింఛను, వైద్య పథకాల కొరకు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా తానే కట్టాలి. నికర లాభం 400 డాలర్లు దాటితే చాలు, లెక్క దాఖలు చేయాలి. అందువలన కొందరు నగదుగా వచ్చిన డబ్బును వ్రాయరు. కొందరు ఇంటి కిరాణాను, సొంత ప్రయాణాలను కూడా దుకాణం ఖర్చులలో వేస్తారు.

ఆ సమయానికి అది తెలివైన పనిగా కనబడుతుంది. దాని ఫలితం మూడు నాలుగు సంవత్సరాల తరువాత, భార్య కొరకు దరఖాస్తు పెట్టినప్పుడు బయట పడుతుంది. పన్నుల ఆఫీసుకు, "నాకు ఏమీ మిగలడం లేదు" అని చెప్పిన మనిషి వీసా ఆఫీసుకు, "నేను భార్యను పోషించగలను" అని ఎట్లా చెప్పగలడు? రెండు ఆఫీసులలోనూ అతడు చూపవలసినది ఒకే కాగితం.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో ఒకే సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు తూనికరాళ్లు ఉంచుకోవద్దని దేవుడు ఇశ్రాయేలీయులను హెచ్చరించాడు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి వాడే వ్యాపారి ఎవరో మన సంతలలో అందరికీ తెలుసు. పన్నుకు ఒక లెక్క, వీసాకు మరొక లెక్క ఉంచుకున్నవాడు కూడా ఆ రెండు రాళ్ల వ్యాపారియే.

ఇందులో మరొక నష్టం ఉంది. ఆదాయం దాచినవారికి పింఛను లెక్కలో పాయింట్లు చేరవు. అక్కడ పింఛనుకు 40 పాయింట్లు కావాలి, సంవత్సరానికి 4 కంటె ఎక్కువ రావు. పన్ను మిగుల్చుకున్నాననుకున్నవాడు తన ముసలితనపు కూడునే పోగొట్టుకుంటున్నాడు.

చాలకపోతే ఏమి చేయాలి?

నిజాయితీగా లెక్క చూపినా ఆదాయం చాలని కుటుంబాలు ఉంటాయి. చిన్న వ్యాపారం మొదటి రెండు మూడేండ్లు లాభం చూడదు. అటువంటివారు నిరాశపడనక్కరలేదు. చట్టమే కొన్ని దారులు చూపిస్తుంది.

మొదటిది, ఈ సంవత్సరపు ఆదాయం. నిరుటి లెక్క తక్కువగా ఉన్నా ఈ ఏడు వ్యాపారం బాగుపడితే, ఆ సంగతిని ఖాతా పుస్తకాలతో, బ్యాంకు లెక్కలతో చూపించవచ్చు. నమ్మడమా లేదా అన్నది అధికారి పరిశీలన మీద ఆధారపడుతుంది. కాగితాలు ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిది.

రెండవది, ఆస్తి. ఏడాదిలోగా నగదుగా మార్చుకోగలిగిన ఆస్తిని లోటుకు బదులుగా చూపవచ్చు. భర్త అమెరికా పౌరుడైతే భార్య కొరకు లోటుకు మూడింతలు చూపాలి; గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే అయిదింతలు. పై ఉదాహరణలో 8,437 డాలర్ల లోటుకు పౌరుడు 25,311 డాలర్ల ఆస్తి, గ్రీన్ కార్డు గలవాడు 42,185 డాలర్ల ఆస్తి చూపాలి.

"మా మామగారికి తొండూరులో పదెకరాలు ఉంది, అది చూపిస్తే చాలదా?" అని అడిగేవారు ఉంటారు. చాలదు. భర్త ఆస్తి గాని, వెళ్లబోయే భార్య సొంత పేరున ఉన్న ఆస్తి గాని లెక్కకు వస్తుంది. ఇక్కడ నివసించే తండ్రి పేరున ఉన్న పొలం లెక్కకు రాదు. అలాగే భార్య ఇక్కడ బడిలో ఉద్యోగం చేస్తూ జీతం తెచ్చుకుంటున్నా, అక్కడికి వెళ్లాక ఆ జీతం ఆగిపోతుంది గనుక దానిని కలపరు.

మూడవది, భర్తతో అదే ఇంట్లో నివసించే తండ్రిగాని అన్నగాని తమ ఆదాయాన్ని కలుపుతామని ఐ-864ఎ అనే పత్రంపై సంతకం చేయవచ్చు.

నాలుగవది, ఉమ్మడి స్పాన్సరు. అక్కడ నివసించే పౌరుడు గాని గ్రీన్ కార్డు గలవాడు గాని, 18 ఏండ్లు నిండిన ఎవరైనా ఈ బాధ్యత తీసుకోవచ్చు, బంధువే కానక్కరలేదు. అయితే భర్త ఆదాయం కొంత, తన ఆదాయం కొంత అని కలపకూడదు. తన కుటుంబానికీ, రాబోయే ఆమెకూ కలిపి కావలసిన మొత్తం అతడొక్కడే చూపాలి. అప్పుడు కూడా భర్త తన పత్రాన్ని వేరుగా ఇవ్వవలసిందే.

పూట పడే ముందు ఆలోచించండి

ఉమ్మడి స్పాన్సరుగా ఉండడమంటే సంఘములో పరిచయమున్న సోదరుని అడిగి చేయించుకునే చిన్న సంతకం కాదు. అది జామీను. సామెతల గ్రంథం 6వ అధ్యాయంలో పొరుగువాని కొరకు పూటపడినవాడు ఎంత చిక్కులో పడతాడో జ్ఞాని చెప్పాడు. అదే సమయంలో పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో ఒనేసిము బాకీ ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. ప్రేమ కొన్నిసార్లు పూట పడుతుంది. అయితే పౌలు తాను ఏమి ఒప్పుకుంటున్నాడో తెలిసే ఒప్పుకున్నాడు.

ఈ పత్రం మీద సంతకం చేసినవాని బాధ్యత, వచ్చిన వ్యక్తి అమెరికా పౌరురాలయ్యేదాకా, లేదా 40 త్రైమాసికాల పని లెక్కకు వచ్చేదాకా, లేదా ఆ దేశాన్ని శాశ్వతంగా విడిచి వెళ్లేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు మరణించేదాకా ఉంటుంది. విడాకులతో అది తీరదు. భర్త ఆమెను వదిలివేసినా, పేదరికపు గీతకు 125 శాతం వరకు పోషణ ఇమ్మని ఆమె అక్కడి కోర్టులో అడగవచ్చు.

ఈ మాటను ప్రతి తల్లీ తన కుమార్తెకు చెప్పి పంపాలని కోరుతున్నాము. భర్త తెచ్చిన పత్రాల నకళ్లు ఆమె దగ్గర ఒక సెట్టు ఉండాలి. పరదేశంలో ఒంటరిగా నిలబడవలసి వస్తే ఆ కాగితం ఆమెకు కొంత ఆసరా.

పెళ్లికి ముందు అడగవలసినవి

మనవాళ్లు అబ్బాయి ఇంటి ఫోటో, కారు ఫోటో, దుకాణం ముందు నిలబడిన ఫోటో చూసి మురిసిపోతారు. పొలం అమ్మి కట్నం సిద్ధం చేస్తారు. కట్నం ఇచ్చుట, పుచ్చుకొనుట 1961 చట్టం ప్రకారం నేరం. దేవుని సంఘములో అది ఉండనే కూడదు. ఫోటోలకు బదులు ఈ సంగతులు అడగండి:

అబ్బాయి పౌరుడా, గ్రీన్ కార్డు గలవాడా, లేక ఉద్యోగ వీసా మీద ఉన్నాడా? పౌరుని భార్యకు సంఖ్యా పరిమితి లేదు. గ్రీన్ కార్డు గలవాని భార్యకు సంవత్సరపు కోటా ఉంది గనుక వరుసలో ఆగవలసి రావచ్చు.

గడచిన మూడు సంవత్సరాల పన్ను ట్రాన్‌స్క్రిప్టులు చూపగలడా? పన్నుల శాఖ వీటిని ఉచితంగా ఇస్తుంది. చూపడానికి వెనుకాడితే కారణమేమిటో మృదువుగా అడగండి.

ఇంతకు ముందు ఎవరినైనా స్పాన్సరు చేశాడా? మొదటి పెళ్లి ఏదైనా జరిగి ఉంటే దాని విడాకుల పత్రం ఉందా?

ఇవి అడగడం అనుమానించడం కాదు. ప్రొద్దుటూరులో బంగారం కొనేటప్పుడు గీటురాయి మీద గీసి చూసి కొంటాం. అంగడివాడు కోపగించుకోడు. కుమార్తె జీవితం బంగారం కంటె తక్కువదా?

సంఘ కాపరులకు ఒక మనవి

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెండ్లి రిజిస్టరు నకలు వీసా దరఖాస్తుకు ముఖ్యమైన ఆధారం. పాస్‌పోర్టులో ఉన్న విధంగానే పేర్లు వ్రాయండి. ఇంటి పేరు ముందా వెనుకా, బాప్తిస్మపు పేరు ఉందా లేదా అన్నది చిన్న సంగతిగా తోచవచ్చు. దాని వలననే నెలలు గడిచిపోవచ్చు. తేదీ మార్చి వ్రాయమని, జరగని పెండ్లికి సాక్ష్యమిమ్మని ఎవరు అడిగినా, ఎంత దగ్గరివారైనా, వ్రాయకండి.

మన భారతదేశంలో భార్యలకు అమెరికా వలస వీసా ముఖాముఖి ముంబయిలో జరుగుతుంది. ముద్దనూరులోనో ఎర్రగుంట్లలోనో రైలెక్కి వెళ్లే మన ఆడబిడ్డను అధికారి అడిగే ప్రశ్నలలో, "నీ భర్త ఏమి పని చేస్తాడు? ఎలా సంపాదిస్తాడు?" అన్నవి ఉండవచ్చు. నిజం తెలిసిన బిడ్డ భయపడదు. అబద్ధపు కాగితమని తెలిసీ సమర్పిస్తే ఆ నింద భర్త మీద మాత్రమే ఆగదు. వీసా కోరిన భార్య శాశ్వతంగా అనర్హురాలయ్యే ప్రమాదం ఉంది.

సరిదిద్దుకోవడానికి ఆలస్యం కాలేదు

ఇంతకు ముందు ఆదాయం తగ్గించి చూపినవారు ఏమి చేయాలి? దాఖలు చేయని లెక్కలు ఉంటే ముందు అవి దాఖలు చేయాలి. అవి లేనిదే పోషణ పత్రం నిలువదు. తప్పుగా దాఖలు చేసి ఉంటే సరిదిద్దే పత్రం ఉంది, దాని పేరు 1040-ఎక్స్. బాకీ పన్ను, వడ్డీ, జరిమానా కట్టాలి. వీసా కొరకే ఆదాయాన్ని ఒక్కసారిగా పెంచినట్లు కనబడితే అధికారి గట్టిగా ప్రశ్నిస్తాడు గనుక, ప్రతి అంకెకూ రుజువు ఉండాలి. లేని ఆదాయాన్ని ఉన్నట్లు చూపడం మొదటి తప్పు కంటె పెద్ద తప్పు. అనుభవం గల లెక్కల నిపుణుని, వలస న్యాయవాదిని సంప్రదించడం మేలు. అంకెలు, నియమాలు ప్రతి సంవత్సరం మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసే సమయానికి ప్రభుత్వమువారి పత్రాలలోనే చూసుకోవాలి.

యెరికోలో పన్నుల గుత్తదారుడైన జక్కయ్య యేసుక్రీస్తు ప్రభువును తన ఇంట చేర్చుకున్ననాడు మొదట సరిచేసుకున్నది తన లెక్కల పుస్తకమే. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. దానివలన అతని సొమ్ము తగ్గిపోయింది. గాని అతని ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువే ప్రకటించాడు.

విదేశంలో ఉన్న మన కుమారులారా, మీ దుకాణం చిన్నదైనా, లాభం కొద్దిదైనా, ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. దానివలన మీ భార్య ఒక సంవత్సరం ఆలస్యంగా రావచ్చు. అయినా ఆమె వచ్చిన రోజున ఏ ఆఫీసు నుండి ఏ ఉత్తరం వస్తుందోనన్న భయం లేకుండా మీరిద్దరూ కలిసి మోకరించగలరు. ఎదురుచూస్తున్న ప్రతి కుటుంబమును దేవుడు త్వరగా కలుపును గాక.